పుస్తకాల సంచి – గుంటూరులో నిజంగా ఏం దొరికింది?



ఈ నెల సంచి విప్పే ముందు మేము ఒక తప్పు ఒప్పుకోవాలి. గత ఆగస్టు సంచికలో, ఇదే శీర్షిక కింద, గ్రహణాల మీద వచ్చిన పుస్తకాల గురించి రాస్తూ, "హీలియం అనే మూలకాన్ని 1868లో మన గుంటూరులోనే కనిపెట్టారు" అని ఒక వాక్యం రాశాం. రాసి మీసం దువ్వుకున్నాం కూడాను. మా స్వగ్రామం గుంటూరుకు కూతవేటు దూరం కావడం వల్ల, ఆ వాక్యం దగ్గర కలం కాస్త ఎక్కువ వేగంగా పరుగెత్తిందని ఇప్పుడు తెలుస్తోంది.

మన సంఘ సభ్యుల అమ్మాయి ఒకతె ఉంది. పదిహేనేళ్ళది. తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. వాళ్ళమ్మ చేత మన పత్రిక చదివించుకుని వింటుంది. అమ్మమ్మగారిది గుంటూరు. సెలవులు అయిపోయి బడి తెరిచాక, రసాయనశాస్త్రం క్లాసులో హీలియం మాట రాగానే ఈ పిల్ల లేచి, "అది మా అమ్మమ్మ గారి ఊళ్ళో కనిపెట్టారు" అని చెప్పిందట. పాఠం చెప్పే ఆవిడ నవ్వలేదు, కాదనలేదు. "చాలా బాగుంది. ఏ పుస్తకంలో ఉందో తీసుకురా, అందరం చూద్దాం" అన్నదట.

ఆ సాయంత్రమే మాకు ఫోను. "అంకుల్, మీరు అది ఏ పుస్తకంలో చదివారు?"

మేము నీళ్ళు నమిలాం. ఏ పుస్తకంలోనూ చదవలేదు మరి. కాలేజీ రోజుల్లో ఎవరో అంటే విన్నాం. అన్నదెవరో కూడా ఇప్పుడు గుర్తులేదు. విన్నది మొదలు, పెళ్ళిళ్ళలో, రైళ్ళలో, ఈ దేశం వచ్చాక మన వాళ్ళ విందుల్లో, వందసార్లు చెప్పి ఉంటాం. ఎవరూ పుస్తకం అడగలేదు. నెలనెలా పుస్తకాల గురించి నలుగురికి సలహాలు చెప్పే వాళ్ళకు ఇంతకన్నా తలవంపులు ఇంకేం కావాలి? "ఒక నెల గడువియ్యమ్మా, వెతికి చెప్తాం" అన్నాం. ఆ వెతుకులాట కథే ఈ నెల శీర్షిక. విజ్ఞానశాస్త్ర చరిత్ర మీద, ఆ శాస్త్రం వెనకనున్న తత్త్వం మీద మంచి పుస్తకాలు ఎలా పట్టుకోవాలని తరచు అడిగే మిత్రులకు ఇదే జవాబు కూడా అవుతుందని ఆశ.

ముందుగా లైబ్రరీకి వెళ్ళాం. ఇక్కడొక చిన్న కిటుకు చెప్పాలి. ఈ రకం పుస్తకాలు అటు చరిత్ర అరలోనూ ఉండవు, ఇటు భౌతికశాస్త్రం అరలోనూ ఉండవు. ఈ దేశపు పబ్లిక్ లైబ్రరీలలో చాలావాటిలో పుస్తకాలను డ్యూయీ అంకెల ప్రకారం సర్దుతారు. అందులో 501 అంటే విజ్ఞాన తత్త్వం, 509 అంటే విజ్ఞాన చరిత్ర. ఖగోళం 520ల్లో, రసాయనం 540ల్లో ఉంటాయి. ఈ నాలుగు అంకెలూ చీటీ మీద రాసుకుని వెళితే సగం పని అయినట్టే. ఆ అరలో లేని పుస్తకాన్ని వేరే ఊరి లైబ్రరీ నుంచి తెప్పించి పెట్టమని అడగవచ్చు. కొద్దిగా రుసుము తీసుకుంటారు, కొన్నాళ్ళు పడుతుంది, కాని తెప్పిస్తారు. మనలో చాలామందికి ఈ సదుపాయం ఉన్నట్టే తెలియదు.

మొదటి రోజు మూడు పుస్తకాలు చేతికొచ్చాయి. మూడూ బొమ్మలతో, దళసరి కాగితంతో, చూడముచ్చటగా ఉన్నవే. ఒకదానిలో హీలియంను 1868లో ఇండియాలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ కనిపెట్టాడని ఉంది. రెండోదానిలో అదే ఏడు ఇంగ్లండులో లాకియర్ కనిపెట్టాడని ఉంది. మూడోదానిలో 1895లో లండనులో రామ్సే కనిపెట్టాడని ఉంది. మూడూ అచ్చయినవే, మూడింటికీ ఏ సందేహమూ లేదు. మొదటిదాన్ని సంచిలో వేసుకుని ఆ పిల్లకు ఇచ్చేస్తే మా పరువు దక్కేది. నిజం చెప్పొద్దూ, ఆ ఆలోచన ఒక పూట మా బుర్రలో తిరిగింది కూడా. కాని ఆ పిల్ల మిగతా రెండూ చూడకపోతుందా? అడిగినప్పుడు ఏం చెప్తాం?

అక్కడి నుంచి అసలు పుస్తకాల వేట మొదలైంది. దొరికిన వాటిలో మమ్మల్ని ఒడ్డున పడేసింది బిమన్ నాథ్ గారి "ది స్టోరీ ఆఫ్ హీలియం అండ్ ద బర్త్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్". 2013లో వచ్చింది. ఆయన బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఖగోళశాస్త్రజ్ఞుడు. పాత ఉత్తరాలు, నివేదికలు తిరగేసి రాసిన పుస్తకం. దీనికి తోడు లాకియర్ జీవితచరిత్ర ఒకటి, మెడోస్ అనే ఆయన 1972లో రాసినది, చూశాం. ఇవి చదివాక తేలిన సంగతులు, మాకు అర్థమైనంతలో, ఇవీ.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన దేశం మీదుగా సాగింది. దాని దారి బిజాపూరు ప్రాంతం నుంచి వచ్చి, గుంటూరు, మచిలీపట్నం మీదుగా సముద్రం దాటి సయాం దేశం వైపు వెళ్ళింది. చీకటి ఐదు నిమిషాలకు పైగా నిలిచే గ్రహణం కనుక దేశదేశాల వాళ్ళూ దూరదర్శినులు పెట్టెల్లో మోసుకుని వచ్చారు. గుంటూరులో ఒక్క జాన్సెనే కాదు, బ్రిటిష్ వారి తరఫున మేజర్ టెన్నెంట్ కూడా తన బలగంతో దిగి గ్రహణాన్ని ఫొటోలు తీశాడు. మచిలీపట్నంలో మద్రాసు నక్షత్రశాల అధికారి పోగ్సన్ ఉన్నాడు. అదే నక్షత్రశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి గారు నైజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్ళారు. గుంటూరు పేరు మాత్రమే చెప్పుకుంటూ వచ్చాం గాని, వనపర్తి సంగతి మాకీ వేటలోనే తెలిసింది. ఆ ప్రాంతపు సభ్యులు మన సంఘంలో ఉన్నారు కదా, మన్నించాలి.

వీళ్ళలో చాలామంది దగ్గర అప్పటికి కొత్తదైన ఒక పరికరం ఉంది: వర్ణపటదర్శిని. వెలుగును రంగులుగా విడదీసి చూపేది. దీని వెనక కథ తెలియడానికి వంటింట్లోకి ఒకసారి వెళ్ళాలి. గ్యాసు పొయ్యి మీద ఉప్పు వేసిన నీళ్ళు పొంగి మంటలో పడితే, నీలి మంట కాస్తా పసుపురంగుకు తిరుగుతుంది. అది ఉప్పులో ఉన్న సోడియం చేసే పని. ఆ పసుపు వెలుగును విడదీసి చూస్తే పక్కపక్కనే రెండు సన్నని గీతలు కనిపిస్తాయి. ప్రతి మూలకానికీ ఇలాగే తనవైన గీతలుంటాయని 1859, 60 ప్రాంతంలో జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ అనే ఇద్దరు తేల్చారు. గీతలు చూసి మూలకం పేరు చెప్పవచ్చునన్నమాట, వేలిముద్ర చూసి మనిషిని పట్టినట్టు.

ఇందులో తత్త్వశాస్త్రం వాళ్ళకు ఒక పాఠం ఉంది. అంతకు పాతికేళ్ళ ముందు, 1835లో, ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్ట్ కోంత్, నక్షత్రాలు ఏ పదార్థాలతో చేసినవో మనుషులకు ఏనాటికీ తెలిసే దారి లేదని రాశాడు. ఆయన తెలివితక్కువ వాడు కాడు. దూరాన ఉన్నదాన్ని ముట్టుకోలేం, ముట్టుకోలేనిదాన్ని పరీక్షించలేం అని ఆలోచించాడు. వెలుగే తన పుట్టిల్లు గురించి సాక్ష్యం చెబుతుందని ఆయనకు తోచలేదు. "ఎప్పటికీ తెలియదు" అన్న మాట ఎవరు అన్నా, ఆ మాటకు ఆయుష్షు ఎంతో ఆలోచించుకోవాలి.

మళ్ళీ గుంటూరుకు వద్దాం. సూర్యబింబం పూర్తిగా మూసుకుపోగానే అంచున ఎర్రటి మంట నాలుకలు కనిపించాయి. జాన్సెన్ వాటి వెలుగును విడదీసి చూశాడు. ప్రకాశవంతమైన గీతలు కనిపించాయి. గీతలు అలా ఉన్నాయంటే అది మండే వాయువన్నమాట, ముఖ్యంగా హైడ్రోజన్. పసుపు భాగంలోనూ ఒక గీత ఉంది. ఆ రోజు చూసినవాళ్ళలో ఎక్కువమంది దాన్ని సోడియం గీతగానే లెక్కవేసుకున్నారు. మచిలీపట్నం పోగ్సన్ నివేదికను బిమన్ నాథ్ గారు ప్రత్యేకంగా ఎత్తి చూపిస్తారు. అది సోడియం చోటుతో సరిగ్గా కలవలేదేమోనన్న అనుమానానికి పోగ్సన్ చోటిచ్చాడు. కాని ఆ నివేదిక మద్రాసులో అచ్చయింది. ఐరోపాలో దాన్ని చూసిన వాళ్ళు తక్కువ.

మరి జాన్సెన్ చేసిన ఘనకార్యం ఏమిటి? ఆ గీతలు అంత ప్రకాశంగా ఉండడం చూసి, వీటిని చూడడానికి గ్రహణం ఎందుకు, పట్టపగలు కూడా చూడవచ్చు కదా అని ఆయనకు తట్టింది. మరునాడే, ఆగస్టు 19న, గుంటూరులోనే, మామూలు ఎండలో, ఏ గ్రహణమూ లేకుండా ఆ మంట నాలుకలను చూశాడు. ఆపైన రెండు వారాలకు పైగా రోజూ చూశాడు. అంతవరకూ ఈ జ్వాలల్ని చూడాలంటే గ్రహణం కోసం ఏళ్ళ తరబడి కాచుకుని, ఓడలెక్కి వెళ్ళి, ఐదు నిమిషాలు చూసి రావలసి వచ్చేది. ఆ పూట మబ్బు పడితే అంతే సంగతులు. గుంటూరు తర్వాత ఆ బెడద పోయింది. సెప్టెంబరు 19న కాకినాడ నుంచి ఈ విషయం పారిస్ అకాడమీకి ఉత్తరం రాశాడు. అందులో కొత్త మూలకం ఊసు లేదు.

ఇక్కడ ఇంగ్లండులో నార్మన్ లాకియర్ ఉన్నాడు. యుద్ధశాఖలో గుమాస్తా. తీరిక వేళల్లో ఆకాశం చూసేవాడు. గ్రహణం లేకుండా చూడవచ్చునన్న ఆలోచన ఆయనకూ ముందే ఉంది గాని, పరికరం తయారై రావడం ఆలస్యమైంది. అక్టోబరు 20న చూశాడు. ఆయన ఉత్తరం, కాకినాడ నుంచి ఓడల మీద వెళ్ళిన జాన్సెన్ ఉత్తరం, రెండూ అక్టోబరు 26న ఒకే సభలో పారిస్ అకాడమీ ముందుకు వచ్చాయి. ఎవరు ముందు అని కొట్టుకోకుండా, ఇద్దరికీ గౌరవం పంచారు. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ ఒకే బిళ్ళ మీద ముద్రించి పతకం వేయించింది.

ఆ పసుపు గీత సోడియంది కాదు, దాని పక్కన వేరేగా ఉందని కొలతలు వేసి గట్టిగా చెప్పినవాడు లాకియర్. దానికి డి3 అని పేరు పడింది. ఫ్రాంక్లండ్ అనే రసాయనశాస్త్రజ్ఞుడితో కలిసి, హైడ్రోజన్నే రకరకాలుగా వేధించి ఆ గీత వస్తుందేమో చూశాడు. రాలేదు. అప్పుడు, భూమి మీద తెలియని మూలకమేమో అనే ఊహ చేశారు. సూర్యుడికి గ్రీకు మాటైన హీలియోస్ నుంచి హీలియం అన్నారు. 1871లో ఎడింబరోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభలో విలియం థామ్సన్ ఆ పేరును బాహాటంగా చెప్పాడు. పేరు చివర ఉన్న "ఇయం" చూశారా? సోడియం, పొటాషియం లాగా అదీ ఒక లోహమని అనుకున్నారు! వాయువని తెలియదు. పాతికేళ్ళ పాటు చాలామంది నమ్మలేదు కూడా. చివరకు 1895 మార్చిలో లండను యూనివర్సిటీ కాలేజీలో విలియం రామ్సే, క్లీవైట్ అనే యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేసి వచ్చిన వాయువును పరీక్షిస్తే, అదే పసుపు గీత కనిపించింది. అదే ఏడు స్వీడనులో ఉప్సాలాలోనూ దాన్ని విడిగా పట్టుకున్నారు.

ఇప్పుడు చెప్పండి, హీలియంను ఎవరు కనిపెట్టారు? ఎక్కడ? ఎప్పుడు?

ఈ ప్రశ్న దగ్గరే మాకు టామస్ కూన్ అక్కరకొచ్చాడు. ఆయన 1962 నాటి పుస్తకం "ది స్ట్రక్చర్ ఆఫ్ సైంటిఫిక్ రివల్యూషన్స్" పేరు వినని చదువరి ఉండడు, పూర్తిగా చదివినవాళ్ళు మాత్రం కొద్దిమందే. మేమూ ఒకప్పుడు మొదలుపెట్టి, సగంలో గుర్తుచీటీ పెట్టి, అరలో నిలబెట్టిన వాళ్ళమే. ఈసారి దుమ్ము దులిపి తీశాం. అందులో ఆయన ఆక్సిజన్ గురించి ఇదే ప్రశ్న వేస్తాడు. ముందు పట్టుకున్నది షీలేనా, ప్రీస్ట్లీనా, లావోయిజేనా? ఆయన జవాబు మా మాటల్లో చెప్పాలంటే: కనిపెట్టడం అనేది ఒక గడియలో జరిగే పని కాదు. ఏదో ఒకటి ఉందని గమనించడం ఒకటి, అది ఏమిటో తెలుసుకోవడం ఇంకొకటి. రెండింటికీ నడుమ ఏళ్ళు గడవవచ్చు, మనుషులు మారవచ్చు. అందుకని ఒక పేరూ ఒక తేదీ ఇమ్మని అడగడంలోనే పొరపాటుంది. ఇది చదివాక మా దగ్గరున్న ఆ మూడు బొమ్మల పుస్తకాలు ఎందుకు పోట్లాడుకుంటున్నాయో అర్థమైంది. మూడూ ఆ దారిలో మూడు మజిలీల పేర్లు చెబుతున్నాయి, దారి సంగతి ఒక్కటీ చెప్పడం లేదు.

ఈ వేట వల్ల పుస్తకాన్ని పరీక్షించడానికి మాకు మూడు ప్రశ్నలు చిక్కాయి. దుకాణంలో నిలబడి పది నిమిషాల్లో వేసుకోగల ప్రశ్నలివి.

మొదటిది: ఆనాటి మనిషికి ఆనాడు ఏం తెలుసో చెబుతోందా, లేక ఈనాటి జవాబు చేతిలో పెట్టుకుని వాళ్ళకు మార్కులు వేస్తోందా? జాన్సెన్ హీలియంను "చూసి కూడా గుర్తించలేదు" అని రాసే పుస్తకం మార్కులు వేసే రకం. కేంబ్రిడ్జిలో చరిత్ర చెప్పిన హెర్బర్ట్ బటర్‌ఫీల్డ్ ఈ దుర్గుణాన్ని 1931లోనే ఎండగట్టాడు. ఆయనే తర్వాత 1949లో "ది ఆరిజిన్స్ ఆఫ్ మోడర్న్ సైన్స్" రాశాడు. పాతదే అయినా, లెక్కలు రాని వాళ్ళు కూడా హాయిగా చదువుకోగల పుస్తకం.

రెండవది: ఓడిపోయినవాటి కథ ఉందా? ఇది మాకు అన్నింటికన్నా ముఖ్యమనిపించింది. హీలియం దొరికిన దారిలోనే ఇంకో రెండు మూలకాలు "దొరికాయి". 1869లో అమెరికాలో గ్రహణం నాడు సూర్యుడి చుట్టూ ఉండే కాంతివలయంలో ఒక ఆకుపచ్చ గీత కనిపించింది. తెలిసిన మూలకాలలో దేనికీ అది సరిపోలేదు, కరోనియం అని పేరు పెట్టారు. 1864లో హగ్గిన్స్ ఒక నీహారికలో చూసిన ఆకుపచ్చ గీతలకు నెబ్యూలియం అనే పేరు వచ్చింది. ఆలోచన అదే, పరికరం అదే, ధైర్యం అదే. కాని 1927లో బోవెన్ అనే ఆయన నెబ్యూలియం అనేది లేదు, అది రెండు ఎలక్ట్రానులు పోగొట్టుకున్న ఆక్సిజనేనని తేల్చాడు. కరోనియం కూడా పదమూడు ఎలక్ట్రానులు పోగొట్టుకున్న ఇనుమేనని 1940 ప్రాంతంలో ఎడ్లేన్ తదితరులు నిరూపించారు. మరి ఆనాడు కూర్చున్న మనిషికి, ఈ మూడింటిలో ఏది నిలుస్తుందో, ఏవి పోతాయో తెలిసే మార్గం ఏది? నిజం నిలకడ మీద తెలుస్తుందని మన పెద్దలన్నారు గాని, ఆ నిలకడ వెనక ఎంతమంది ఎన్ని కొలతలు తీయాలో సామెతలో లేదు. హీలియం గురించి చెప్పి కరోనియం ఊసెత్తని పుస్తకం, సగం పుస్తకమే.

మూడవది: తనకు ఎలా తెలుసో చెబుతోందా? అంటే వెనక పేజీల్లో ఏ ఉత్తరం, ఏ నివేదిక, ఏ పేజీ అని ఆచూకీ ఉందా? దీనికి ఒక మంచి కథ ఉంది. ఆర్థర్ కోస్లర్ 1959లో "ది స్లీప్‌వాకర్స్" అనే పుస్తకం రాశాడు. కోపర్నికస్, కెప్లర్, గెలీలియోల కథ. నవల లాగా చదివిస్తుంది. కెప్లర్ మీద అంత ప్రేమతో రాసినది మరొకటి మేము చూడలేదు. అందులో ఆయన, కోపర్నికస్ 1543లో అచ్చువేసిన గ్రంథాన్ని ఆ కాలంలో ఎవరూ చదవనే లేదని చెప్పేశాడు. 1970లో ఓవెన్ గింగెరిచ్ అనే అమెరికన్ ఆచార్యుడు ఎడింబరో నక్షత్రశాలలో ఆ గ్రంథం ప్రతి ఒకటి తెరిస్తే, అంచుల నిండా చేతిరాత! ఆనాటి పేరున్న గణికుడు రైన్‌హోల్డ్ రాసుకున్న వ్యాఖ్యలు. దాంతో ఆయన దేశదేశాలు తిరిగి, మొదటి రెండు ముద్రణల ప్రతులు ఆరువందల దాకా వెతికి, వాటి అంచుల్లో ఎవరెవరు ఏమేం రాశారో చూశాడు. ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఆ కథను 2004లో "ది బుక్ నోబడీ రెడ్" అని, కోస్లర్ మాటనే పేరుగా పెట్టి రాశాడు. రెండూ వరసగా చదవండి. మొదటిది చదివితే మోజు పుడుతుంది, రెండోది చదివితే బుద్ధి వస్తుంది. మా ఆగస్టు వాక్యం కూడా కోస్లర్ కోవలోదే, అంత అందం లేదు, అంతే తేడా.

ఇక తత్త్వం సంగతి. ఈ మాట వినగానే చాలామంది జడుసుకుంటారు. మొదలుపెట్టడానికి ఆలన్ చామర్స్ "వాట్ ఈజ్ దిస్ థింగ్ కాల్డ్ సైన్స్?" మేలు. 1976లో వచ్చి, మళ్ళీ మళ్ళీ సవరించి అచ్చువేస్తున్న పుస్తకం. పాపర్ ఏమన్నాడు, కూన్ ఏమన్నాడు, వాళ్ళకూ వీళ్ళకూ ఎక్కడ చెడింది అన్నది తీరిగ్గా చెబుతుంది. ఆ తర్వాత కూన్ దగ్గరకు వెళితే గుర్తుచీటీ సగంలో ఆగదు. ఇంజనీర్లకు, డాక్టర్లకు మాత్రం హాసోక్ చాంగ్ "ఇన్వెంటింగ్ టెంపరేచర్", 2004 నాటిది, ఇస్తాం. నీళ్ళు వంద డిగ్రీల దగ్గర మరుగుతాయని అందరం బళ్ళో వల్లెవేశాం. కాని థర్మామీటరే లేని రోజున, మరిగే వేడి ఎప్పుడూ ఒకటేనని ఎలా తెలిసింది? ఏ థర్మామీటరు సరైనదో దేనితో సరిచూశారు? ఇలాంటి ప్రశ్నలు వేసి నిద్ర చెడగొట్టే పుస్తకం.

మన దేశం గురించి అడిగే మిత్రులు ఎక్కువ. అక్కడ రెండు రకాల పుస్తకాలకు దూరంగా ఉండాలి. అన్నీ మనవాళ్ళకు ముందే తెలుసునని చెప్పేవి ఒక రకం, అక్కడ ఏనాడూ ఏమీ లేదని చెప్పేవి ఇంకో రకం. రెండింటికీ ఆచూకీ పేజీలు పలచగా ఉంటాయి. బోస్, సేన్, సుబ్బరాయప్ప గార్లు కూర్చిన "ఎ కన్సైజ్ హిస్టరీ ఆఫ్ సైన్స్ ఇన్ ఇండియా", 1971లో వచ్చింది, ఇంట్లో ఉండదగిన పుస్తకం. లెక్కల మీద ఆసక్తి ఉంటే కిమ్ ప్లోఫ్కర్ "మాథమేటిక్స్ ఇన్ ఇండియా", 2009 నాటిది, ఎవరికీ భజన చేయకుండా, ఎవరినీ తక్కువ చేయకుండా రాసినది. తెలుగులో ఈ వరస పుస్తకాలు అరుదు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారు మొదలుపెట్టిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రనూ శాస్త్రాన్నీ తెలుగులో అందించడానికి పాటుపడింది. ఆ దారి ఇంకా వెడల్పు కావలసి ఉంది. గుంటూరు గ్రహణం కథను తెలుగులో, ఆచూకీ పేజీలతో సహా, ఎవరైనా రాస్తే మొదటి ప్రతి మేమే కొంటాం.

కొనడం గురించి ఒక మాట. కొత్త పుస్తకాల కన్నా పాతవి ఈ రంగంలో నయం. చేరింగ్ క్రాస్ రోడ్డులో గాని, వేల్స్ సరిహద్దున ఉన్న పుస్తకాల ఊరు హే ఆన్ వై లో గాని, పాత పెలికన్ అట్టల మధ్య బెర్నాల్ "సైన్స్ ఇన్ హిస్టరీ" నాలుగు భాగాలు ఓపికగా వెతికితే దొరుకుతాయి. వంద నూటయాభై ఏళ్ళనాటి పత్రికలు, నివేదికలు చాలా వరకు ఇప్పుడు కంప్యూటరు తెర మీద ఉచితంగానే చదువుకోవచ్చు. లాకియర్ 1869లో స్థాపించిన "నేచర్" పత్రిక ఇంకా వస్తూనే ఉంది. సెలవుల్లో డెవన్ వైపు వెళ్ళేవాళ్ళు సిడ్మత్ దగ్గర ఆయన పేరనున్న నక్షత్రశాలను కూడా చూసి రావచ్చు.

గడువు ప్రకారం నెల తిరక్కుండా ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళాం. బిమన్ నాథ్ గారి పుస్తకం బల్ల మీద పెట్టి, "అమ్మా, మేము రాసింది తప్పు. హీలియం గుంటూరులో కనిపెట్టలేదు" అని చెప్పాం. పిల్ల ముఖం చిన్నబోయింది. వాళ్ళమ్మ ముఖం ఇంకా చిన్నబోయింది. "అయితే మా ఊళ్ళో ఏమీ జరగలేదా అంకుల్?" అంది. జరిగిందంతా, పైన మీకు చెప్పినట్టే, వరసగా చెప్పాం. ఆగస్టు 19 ఉదయం దగ్గరకు వచ్చేసరికి పిల్ల ఆపింది. "అంటే గ్రహణం లేకుండా సూర్యుడి మంటలు చూడడం మొదటిసారి జరిగింది అక్కడేనా? అది అంకుల్, మీరు రాసిన దానికన్నా బాగుంది కదా. మరి అదే ఎందుకు రాయలేదు?"

మాకు తెలియక రాయలేదు. అంతకన్నా చెప్పుకోవడానికి ఏమీ లేదు. మన ఊరి గొప్ప మనం చెప్పుకోవడంలో తప్పులేదు. కాని ఉన్న గొప్పను వదిలేసి లేని గొప్పను నలభై ఏళ్ళు మోశామే, అది బాధ. పిల్లలు ఈ దేశంలో పెరుగుతున్నారు. మనం చెప్పే ప్రతి మాటకూ బళ్ళో ఎవరో ఒకరు పుస్తకం అడుగుతారు. అడగడం మంచిదే. మొదటి మాట తప్పని తేలితే, రెండో మాట నిజమైనా ఆ పిల్లలు మన తరఫున లేచి నిలబడి చెప్పడానికి సంకోచిస్తారు.

ఆ పిల్ల పుస్తకం బడికి తీసుకువెళ్ళి, తను ముందు చెప్పింది తప్పని తనే చెప్పి, జాన్సెన్ కథ క్లాసులో పావుగంట చెప్పిందట. కరోనియం గురించి కూడా చెప్పావా అని అడిగాం. "అదే ముందు చెప్పాను" అంది.

పై పుస్తకాలలో మా దగ్గరున్నవి అయిదు. వచ్చే నెల సమావేశానికి తీసుకువచ్చి టీ బల్ల పక్కన పెడతాం. నెల రోజులకు ఎరువు ఇస్తాం. పేరు పుస్తకంలో రాసి తీసుకువెళ్ళండి, అంచుల్లో పెన్సిలుతో రాసినా అభ్యంతరం లేదు. మీ దగ్గరున్న మంచి పుస్తకాల పేర్లు మాకు రాయండి. అలాగే పాత సంచికలలో మేము ఆచూకీ లేకుండా రాసేసిన వాక్యాలు ఇంకేమైనా కనబడితే మొహమాటపడకుండా అడగండి. వచ్చే నెల సంచిలో పాకశాస్త్రం పుస్తకాలు. వాటికీ ఆచూకీ అడుగుతారని ఇప్పుడే మా ఆవిడ హెచ్చరించింది.